కోడితోలు కరకరత్వ నిర్ధారణ

రాజధాని నుంచి వచ్చిన ఒక పెద్దాయన పళ్ళసెట్టు, పొగకోడి తోలుకి అతుక్కుని ఊడి రావడంతో మొదలైంది ఈ గొడవంతా.

ఆ పెద్దాయన ఎవరో మనకి అనవసరం. ఘాట్ రోడ్డు ఎక్కబోతూ తాళ్ళవలస జంక్షన్లో కారాపించి, పొగకోడి ఒకటి ప్లాస్టిక్ డబ్బాలో కట్టించుకున్నాడు. మూత గట్టిగా బిగించి, రెండు గంటలు కొండ మీదికి ప్రయాణం చేసి, గెస్టుహౌస్‌లో నలుగురు పెద్ద ఆఫీసర్ల మధ్య తీరిగ్గా కూర్చుని, కోడి కాలు విరిచి కొరికాడు. తోలు తెగలేదు. లాగాడు. సాగింది. పట్టుదల మనిషి కదా, ఇంకాస్త గట్టిగా లాగాడు. తోలు కాలినే పట్టుకునుంది, పళ్ళసెట్టు మాత్రం బయటికొచ్చేసింది. ఆఫీసర్లు నవ్వలేదు పాపం. నవ్వు ఆపుకోడానికి వాళ్ళు పడ్డ అవస్థ మాత్రం పెద్దాయన కంట పడింది.

మనలాంటి వాళ్ళమైతే, "రెండు గంటలు మూతేసి ఉంచితే మెత్తబడదుటయ్యా" అని ఇంట్లోవాళ్ళే చివాట్లు పెట్టేవారు. పెద్దాయనకి ఎవరు చెబుతారు? వారం తిరక్కుండా పర్యాటక రుచుల ప్రమాణాల సంస్థ నిద్ర లేచింది. నెల తిరక్కుండా నలభై రెండు పేజీల పుస్తకం అచ్చేసింది. దాని పేరు ‘ధూమపక్వ కుక్కుట చర్మ కరకరత్వ నియమావళి’. కోడి అన్న మాట మాత్రం అందులో ఎక్కడా లేదు, భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

తాళ్ళవలస జంక్షన్లో అప్పటికి ఏడు పొయ్యిలుండేవి. ఆ కోడి ఏ పొయ్యి మీద కాలిందో ఎవరికీ తెలీదు గనక, ఏడింటికీ నోటీసులిచ్చారు. మూడు నెలల్లో రోడ్డు వార పొయ్యిలన్నీ తీసెయ్యాలి. వాటికి బదులు సంస్థవారు ‘రుచుల వీధి’ కడుతున్నారు. అందులో పొగకోడికి ఒకే ఒక్క షెడ్డు. కరకరత్వ ధ్రువపత్రం తెచ్చుకున్నవాళ్ళకి తాళం చెవి, తెచ్చుకోలేనివాళ్ళకి దండం. ఈ సంగతి వినగానే ఆరుగురు పొయ్యిలార్పేసి నూడిల్సు, ఫ్రైడ్ రైసు బళ్ళు పెట్టేసుకున్నారు. నూడిల్సు ఎలా ఉండాలో ఇంకా ఎవరూ పుస్తకం రాయలేదు మరి.

మిగిలింది బొడ్డేపల్లి నూకరత్నం ఒక్కతే.

నూకరత్నానికి యాభై నిండబోతున్నాయి. మొగుడు పోయి తొమ్మిదేళ్ళు. అత్తగారి నుంచి వచ్చిన ఆ పొయ్యే ఆవిడకి ఇల్లూ వాకిలీ, పొలం పుట్రా. పంతొమ్మిదేళ్ళుగా అదే చోట, అదే పనిగా కోళ్ళు కాలుస్తోంది. ఆవిడ చేతి కోడిని కొరికితే పక్క బల్ల మీద వాడు తల తిప్పి చూడాల్సిందే, అంత చప్పుడు చేస్తుంది తోలు. అందులో మాయా మంత్రం ఏమీ లేదు. ఈకలు పీకి, మంట మీద నూగు కాల్చి, ఉప్పూ పసుపూ రాసిన కోడిని సాయంత్రం దోమతెర గుడ్డలో వేలాడదీస్తుంది. పొద్దుటికి గాలికి తోలు ఆరి కాగితంలా అవుతుంది. అప్పుడు జీడికట్టె పొగ మీద మూడు గంటలు నిదానంగా ఉంచుతుంది. ఆఖర్న పది నిమిషాలు మాత్రం కొబ్బరి చిప్పలు వేసి భగ్గుమనే మంట చూపిస్తుంది. పొగలో నానిన తోలు ఆ మంటకి బుడగలెత్తి, పెళపెళలాడిపోతుంది. దించాక మూత పెట్టదు, నూనె పుయ్యదు, సాస్ అని ఎవరైనా అడిగితే ఒప్పుకోదు. ఇదీ విద్యంతా. నలభై రెండు పేజీల్లో ఈ నాలుగు ముక్కలూ లేవు.

మొదటి తనిఖీకి జీపు దిగినాయన అసిస్టెంట్ డైరెక్టర్ చతుర్భుజరావు గారు. ఆయన మామూలుగా మాట్లాడుతుండగా విన్నవాళ్ళు ఆ జిల్లాలో లేరు.

"అమ్మా, సదరు పక్షిని నమూనా నిమిత్తం స్వాధీనపరచుకొనుచున్నాము. ప్రతులు మూడు" అన్నాడు.

"మూడు కోళ్ళూ తీసుకోండి బాబూ, నాకేటి బాధ. కానీ ముందు ఇక్కడే ఓ ముక్క కొరికి సూడండి. అదెలగుందో మీకే తెలుస్తాది" అంది నూకరత్నం. అంటూనే అప్పుడే దించిన కోడి రెక్క ఒకటి తుంచింది. ఫటమంది. జీపు డ్రైవరు గుటక మింగాడు.

"తినుట మా పరిధిలోకి రాదు" అన్నాడు చతుర్భుజరావు. "తినుటయందు అభిప్రాయ భేదములుండును. ప్రభుత్వమునకు అభిప్రాయములుండవు."

అని, పొగలు కక్కుతున్న మూడు కోళ్ళనీ మూడు మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో వేయించాడు. మూతులు బిగించి కట్టించాడు. పైన గుడ్డ చుట్టించాడు. పురికొస కట్టించి, లక్క కరిగించి, ముద్ర గుద్దించాడు. నూకరత్నం అడ్డం పడింది.

"అయ్యయ్యో బాబూ! వేడి కోడిని సంచిలో కట్టీసినారు, సెమ్మ పట్టీస్తాది! తోలు తడిగుడ్డయిపోతాది బాబూ! కాస్సేపు గాలాడనియ్యండి!"

"గాలి తగిలిన నమూనా చట్టము దృష్టిలో నమూనా కాదమ్మా" అన్నాడాయన, రెండో సీలు కూడా వేయిస్తూ.

ఒక కోడి ల్యాబుకి వెళ్ళింది. ఒకటి అప్పీలు నిమిత్తం భద్రపరిచారు. మూడోది ఫైలుకి జతపరిచారు. పదకొండో రోజున ఆ ఫైలు ఎవరూ ముట్టుకోకుండానే బల్ల మీద కదలడం మొదలెట్టిందని, గుమస్తాలు కిటికీల్లోంచి దూకేశారని చెప్పుకుంటారు. ఆ సంస్థలో ఫైలు అంత చురుగ్గా కదలడం అదే మొదటిసారట.

ల్యాబు రిపోర్టు మాత్రం ఐదో రోజునే వచ్చింది. ‘చర్మము: ఉన్నది. రంగు: బంగారు. కరకరత్వము: శూన్యము.’

నూకరత్నానికి కోపం నషాళానికంటింది. శుభ్రమైన చీర కట్టుకుని, బస్సెక్కి, జిల్లా ఆఫీసుకి పోయింది. బయట బెంచీ మీద మూడు గంటలు కూర్చోబెట్టాక లోపలికి పిలిచారు.

"బాబూ, నా పొయ్యి కాడ ఆ కోడి పెళపెళలాడినాది. మీ డ్రైవరు బాబు ఇన్నాడు, అడగండి."

"డ్రైవరు సాంకేతిక నిపుణుడు కాడు. ల్యాబునందు అది మెత్తగా ఉన్నది. నీ యొద్ద కరకరలాడినదనుచున్నావు. రెండింటిలో ఏది నిజము?"

"రెండూ నిజమే బాబూ."

చతుర్భుజరావు కళ్ళజోడు తీసి, జాలిగా చూశాడు. "ప్రభుత్వములో రెండు నిజములుండవమ్మా. ఒక ఫైలునకు ఒకటే."

"అయితే ఆ ల్యాబు బాబుల్నే నా పొయ్యి కాడికి రమ్మనండి. కోడి దించంగానే సూస్తే సరిపోతాది. పది అడుగులు పక్కకి తీసికెళ్ళినా పరవానేదు. మూత మాత్రం ఎట్టకండి, నా తల్లే, నా బాబే."

ఇదే ఆవిడ చేసిన పొరపాటు. సరైన సంగతి చెబితే ఆఫీసు ఊరుకోదు, దాన్ని బాగు చేస్తుంది. ‘ఘటనాస్థలి యందు తక్షణ కరకరత్వ మాపనము’ అని చతుర్భుజరావు అక్కడికక్కడే ఒక నోటు రాశాడు. నోటు పైకి పోయింది. పైనవాళ్ళకి తెగ నచ్చింది. తోలు కరకరలాడడమంటే చప్పుడే కదా, చప్పుడుకి మీటరుంది కదా! ఊరేగింపుల్లో డీజే బాక్సులు ఎంత మోగుతున్నాయో కొలిచే మీటరొకటి వేరే శాఖ దగ్గర అరువు తెచ్చారు. ఎంత మోగితే కరకర అన్నట్టు? అందుకో కమిటీ వేశారు. కమిటీ తొమ్మిది ఊళ్ళు తిరిగి, తొమ్మిది ఊళ్ళలోనూ తిని, అరవై రెండు డెసిబెల్సు అని తేల్చింది. అరవై ఒకటైతే మెత్తన. అరవై రెండైతే కరకర. మధ్యలో ఏమీ లేదు.

అంతా బాగానే ఉంది, కొరికేదెవరు?

దారిన పోయేవాడు కొరికితే చెల్లదు. కొరికేవాడికి పళ్ళు సరిగ్గా లేకపోతే పాపం కోడి మీదికొస్తుంది. అందుకని ‘అధీకృత కొరుకు అధికారి’ అని ఒక హోదా పుట్టించి, ముప్పైరెండు దంతాలూ సొంతవై, సంపూర్ణంగా, పుచ్చు లేకుండా ఉండవలెనని అర్హత పెట్టారు. సంస్థలో నూట పద్నాలుగు మంది ఉద్యోగులు. పళ్ళ డాక్టరొచ్చి ఆఫీసు వరండాలో మూడు రోజులు కూర్చున్నాడు. నూట పద్నాలుగు నోళ్ళూ తెరిపించాడు. ఒకాయనకి గుట్కా తినేసింది, ఒకావిడకి జ్ఞానదంతాలు పీకించేశారు, చతుర్భుజరావు గారికి పైవరసలో నాలుగు కట్టుడువని తేలి, ఆ సంగతి రహస్యమని ముద్ర వేశారు. ఆఖరికి ముప్పైరెండూ ముత్యాల్లా ఉన్నది ఒక్కరికే. రికార్డు సెక్షన్లో ముప్పై ఏళ్ళుగా పాత ఫైళ్ళు కట్టలు కడుతున్న సోమయాజులు గారికి.

సోమయాజులు గారు పరిగెత్తుకొచ్చాడు. "అయ్యా, నేను ఉల్లిపాయ కూడా ముట్టనండి. మా ఇంట్లో కోడి బొమ్మున్న క్యాలెండరు కూడా లేదు."

"మీ ఆహారపు అలవాట్లు మీ వ్యక్తిగతము" అన్నాడు చతుర్భుజరావు. "మీ దంతములు మాత్రము సంస్థవి."

ఆయన లీవు పెట్టాడు, మంజూరు కాలేదు. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. దణ్ణాలు పెట్టాడు. చివరికి సంస్థ దయతలిచి నియమావళికో సవరణ చేసింది. ‘కొరుకు అధికారి శాకాహారి అయిన పక్షమున, సమాన స్వభావము గల శాకాహార పదార్థమును కొరికి, తద్ద్వారా నమూనా యొక్క కరకరత్వమును నిర్ధారించవచ్చును.’ ఆ సమాన స్వభావం గల పదార్థం మినప అప్పడమని ఇంకో కమిటీ తేల్చింది. ఈ కమిటీ ఊళ్ళు తిరగలేదు, కాంటీన్లోనే తేల్చేసింది.

నవ్వకండి. అక్కడ ఎవరూ నవ్వలేదు.

తనిఖీకి రెండు రోజుల ముందు సోమయాజులు గారు స్థలం చూసుకోవడానికి జంక్షన్‌కి వచ్చాడు. పొగ ముక్కుకి తగలకుండా పై పంచె అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. నూకరత్నం కొబ్బరిబోండాం కొట్టించి ఇచ్చింది. విషయమంతా చెప్పాడాయన, తల దించుకుని.

"మరైతే పంతులుగారూ, మీరు అప్పడం కొరికితే నా కోడితోలు ఎలగుందో ఎలా తెలుస్తాది?"

"తెలీదమ్మా" అన్నాడు సోమయాజులు. "రాయడం మాత్రం తెలుసు."

"పాసవుతానా?"

"అప్పడం మంచిదైతే అవుతావు తల్లీ."

నూకరత్నానికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. కానీ షెడ్డు కళ్ళ ముందు కనిపిస్తోంది. రేకు కప్పు, సిమెంటు గచ్చు, నీళ్ళ కుళాయి. వానొస్తే పొయ్యి మీద తాటాకు చూరు పట్టుకుని నిలబడక్కర్లేదు. ఏదో ఒకటి, కాగితం చేతికొస్తే తన కోడి తనే కాల్చుకోవచ్చు కదా అనుకుంది. ఆ సాయంత్రమే రెండు మంచి నాటుకోళ్ళు చూసి తెచ్చింది. అప్పడం సంగతి ఎలా ఉన్నా, వచ్చేది సంస్థ కమిషనర్ గారట. ఆయన ఎదట తన కోడి తోలు కరకరలాడకపోతే తల ఎక్కడ పెట్టుకోవాలి?

తనిఖీ పదకొండింటికన్నారు. నూకరత్నం లెక్క చూసుకుని ఎనిమిదింటికి పది నిమిషాలుండగానే పొగ పెట్టింది. సరిగ్గా పదకొండయ్యేసరికి రెండు కోళ్ళూ మంట దిగాయి. ఎర్రగా, బుడగలెత్తి, గోరు తగిలిస్తే టిక్కుమంటున్నాయి. షామియానా వేశారు. బల్ల మీద మీటరు పెట్టారు. ఇత్తడి పళ్ళెంలో కొత్త షెడ్డు తాళం చెవి, పక్కన దండ. ఇంకో పళ్ళెంలో ఒకే ఒక్క అప్పడం, గాజు మూత కింద. బస్సులవాళ్ళు హారన్ కొట్టకుండా ఒక కానిస్టేబుల్ని కాపలా పెట్టారు. అన్నీ ఉన్నాయి, కమిషనర్ గారు లేరు.

"పన్నెండో పేజీ ప్రకారము తయారైన ఆహారమును మూత లేకుండా ఉంచరాదు" అన్నాడు చతుర్భుజరావు. ఇద్దరు మనుషులు పెద్ద స్టీలు మూత తెచ్చి కోళ్ళ మీద బోర్లించారు.

"బాబూ, బాబూ, మూత వొద్దు! కాళ్ళు పట్టుకుంటాను. ఈగ వాలకుండా నాను విసురుతాను కదా! ఆవిరి లోపలే ఉండిపోతాది బాబూ!"

"ఆవిరి గూర్చి నియమావళిలో లేదమ్మా."

పన్నెండయింది. ఒంటిగంటయింది. మూత అంచు నుంచి చుక్క చుక్కగా నీళ్ళు కారుతున్నాయి. ఒక్కో చుక్క పడుతుంటే నూకరత్నానికి ప్రాణం ఉసూరుమంటోంది. సవతి తల్లికి కూడా ఇంత కసి ఉండదు కదరా నాయనా అనుకుంది. ఆ మూత పీకి అవతల పారేద్దామని రెండుసార్లు లేచింది, రెండుసార్లూ ఎవరో కూర్చోబెట్టారు.

ఒకటీ నలభైకి కమిషనర్ గారి కారొచ్చింది. ఆయనకి నలభై ఏళ్ళుంటాయి. పొద్దున్న నుంచీ మూడు ప్రారంభోత్సవాలు, నాలుగు మీటింగులు, ఎక్కడా భోజనం లేదు. మొహం పీక్కుపోయింది. "త్వరగా కానివ్వండి" అన్నాడు.

సోమయాజులు గారు కళ్ళు మూసుకుని, ఏదో స్తోత్రం అనుకుని, అప్పడం కొరికాడు.

"డెబ్భై ఒకటి!" అని అరిచాడు మీటరు దగ్గరున్నాయన.

చప్పట్లు మోగిపోయాయి. "ధూమపక్వ కుక్కుట చర్మము అత్యుత్తమ కరకరత్వము కలిగియున్నట్లు నిర్ధారణయైనది" అని చతుర్భుజరావు ప్రకటించేశాడు. దండ నూకరత్నం మెడలో పడింది. పత్రం చేతికొచ్చింది. తాళం చెవి పళ్ళెం ముందుకొచ్చింది. ఆవిడ చెయ్యి చాపింది కూడా. చాపి, ఎందుకో ఆగింది.

"పంతులుగారూ, ఇందులో ఏటి రాసుందో ఓసారి సదవండి."

సోమయాజులు గారు అబద్ధం చదవలేడు. "షెడ్డునందు ధ్రువీకరించబడిన పదార్థము వినా ఇతరము విక్రయించరాదు" అని చదివాడు. తరవాత గొంతు తగ్గించి, "ధ్రువీకరించబడిన పదార్థము, మినప అప్పడము" అన్నాడు.

"అంటే?"

"అంటే నువ్వు అక్కడ అప్పడాలే అమ్మాలమ్మా."

నూకరత్నం తాళం చెవికేసి చూసింది. ఊరుకుంటే షెడ్డు, కుళాయి, నీడ. నోరెత్తితే ఏమవుతుందో తెలుసు. తెలిసే దండ తీసి బల్ల మీద పెట్టింది.

"కమిషనర్ బాబూ, నాకు అప్పడాలొద్దు. నాను కోడి కాలుస్తాను. పంతొమ్మిదేళ్ళుగా అదొక్కటే సేతనయింది నాకు. మీ ఆయన కొరికింది అప్పడం, నా కోడి కాదు." గబగబా వెళ్ళి స్టీలు మూత ఎత్తింది. లోపల రెండు కోళ్ళూ తడిసి, వెలిసిపోయి, ముడతలు పడున్నాయి. "సూడండి, ఏటి సేసీసినారో నా కోళ్ళని! మీకు పుణ్ణెముంటాది, పది నిమిషాలియ్యండి బాబూ. తోలు తుడిసి, గాలాడనిచ్చి, కొబ్బరి సిప్పల మంట సూపిస్తాను. అప్పుడు కొరకండి. మెత్తగుంటే నాకు నానే పొయ్యార్పీసుకుంటాను."

కమిషనర్ గారు కోడికేసి చూశాడు. "పది నిమిషాలివ్వడానికి వీలుందా?" అన్నాడు.

చతుర్భుజరావు పుస్తకం తిరగేశాడు. "పది నిమిషములకు వీలు లేదు సర్. టీ విరామమునకు కలదు. ఇరవై నిమిషములు."

"అయితే విరామం."

నూకరత్నం చేతులు ఆడిన వేగం చూడాల్సింది. పాత చీర గుడ్డతో తోళ్ళు అద్ది, విసనకర్రతో టపటపా విసిరి, పొయ్యిలో కొబ్బరి చిప్పలు గుమ్మరించింది. భగ్గుమంది. కోళ్ళని ఇటూ అటూ తిప్పుతుంటే వెలిసిపోయిన తోలు మెల్లగా బిగుసుకుంది, కొవ్వు చిటపటలాడింది, బుడగలు లేచాయి, పసుపు రంగు ఎర్రబడింది. ఆ వాసనకి కానిస్టేబులు రోడ్డొదిలేసి వచ్చేశాడు. టీ కప్పులు ఎవరూ ముట్టుకోలేదు.

ఆకు మీద పెట్టింది. కమిషనర్ గారు తొడ ముక్క తీసుకుని కొరికాడు. ఫెళ్ళుమంది. ఆగి, నూకరత్నం మొహంలోకి చూశాడు, మళ్ళీ కొరికాడు. ఆ తరవాత ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అడగలేదు. మీటరాయన, కానిస్టేబులు, డ్రైవర్లు అందరూ చెయ్యి వేశారు. చతుర్భుజరావు గారు "పరిశీలనార్థము" అంటూ రెక్క తీసుకుని, కట్టుడు పళ్ళకి తగలకుండా పక్కదవడతో కరకరా నమిలేశాడు. మళ్ళీ ఇంకో రెక్క కూడా పరిశీలించాడు. ఐదు నిమిషాలు షామియానా కింద ఆ చప్పుడు తప్ప ఇంకేం లేదు. నూకరత్నం కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతో. గెలిచేశాననుకుంది పిచ్చి తల్లి.

మీటరు కట్టెయ్యడం మర్చిపోయారు. దాని పక్కనే నిలబడ్డ సోమయాజులు గారు ఉండబట్టలేక అరిచాడు. "అయ్యా! ఎనభై నాలుగండీ! ఎనభై నాలుగు!"

చతుర్భుజరావు మూతి తుడుచుకుని గడియారం చూశాడు. "అది విరామ సమయమునందలి శబ్దము. విరామములో జరిగినది రికార్డులోకి రాదు. విరామము ముగిసినది. ఏదీ, నమూనా హాజరుపరచుడు."

ఆకు మీద ఎముకలున్నాయి.

"నమూనా మీరే తినీసినారు కదా బాబూ!" అంది నూకరత్నం.

"తినుట మా పరిధిలోకి రాదని మున్నే చెప్పియుంటిని. సర్, నమూనా అదృశ్యమైనది. అభ్యర్థురాలు ధ్రువపత్రమును సభాముఖమున తిరస్కరించినది. మునుపటి ల్యాబు రిపోర్టు ఒక్కటే మిగిలియున్నది. అందు కరకరత్వము శూన్యము."

కమిషనర్ గారు కాస్త ఇబ్బందిగా కదిలాడు. నూకరత్నం వంక చూడబోయి, చూపు తిప్పుకున్నాడు. మంచివాడే. కానీ ఇంకా రెండు మీటింగులున్నాయి, అవతల కారు స్టార్టయింది. "రూల్సు ప్రకారం చెయ్యండి" అన్నాడు. చతుర్భుజరావు అలాంటి సందర్భాలకి ముందే టైపు చేయించి పెట్టుకున్న కాగితం ఒకటి సంచిలోంచి తీశాడు. కమిషనర్ గారు నిలబడే సంతకం పెట్టేసి, చెయ్యి కడుక్కోడానికి నీళ్ళడిగాడు. ఇత్తడి పళ్ళెంలో తాళం చెవి మళ్ళీ జీపెక్కింది. అప్పడాల ప్యాకెట్టు మీద అడ్రసుంది గనక, షెడ్డు ఆ అప్పడాల కంపెనీవాళ్ళకి కేటాయించాలని చతుర్భుజరావు అక్కడే నోటు రాసుకున్నాడు.

కార్లు వెళ్ళిపోయాయి. షామియానా విప్పేస్తున్నారు. కాగితం అందజేసి సంతకం తీసుకునే పని సోమయాజులు గారి మీద పడింది.

నూకరత్నం కాగితం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. కింద సంతకం పక్కన బొటనవేలంత కొవ్వు మరక. కాగితం అక్కడ పల్చబడి అవతలున్న పొయ్యి కనిపిస్తోంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. జీడికట్టె పొగ, కాలిన తోలు వాసన. తన కోడే. ఆవిడకి ఏడుపు పొంగుకొచ్చింది, దానికి మించి ఒళ్ళు మండిపోయింది.

"పంతులుగారూ, ఇందులో ఏటి రాసినారు?"

సోమయాజులు గారు తలెత్తకుండా చదివాడు. "నీ కోడితోలు కరకరలాడలేదట తల్లీ. మూడు రోజుల్లో పొయ్యి తీసెయ్యాలట."

"మరి ఈ మరకేటి?"

ఆయన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, కాగితం పై నుంచి కింది దాకా ఇంకోసారి చూశాడు.

"దానికి ఫారంలో గడి లేదమ్మా" అన్నాడు.